చూడకుండా కప్పిన దుప్పటి

మనిషి ముఖం మీదికి దుప్పటి లాగే హక్కు ఎవరికుంది? కొత్తగా డ్యూటీలో చేరిన నర్సు పిల్లలు మా ఇంటికి వస్తే నేను మొదట అడిగేది ఇదే. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. ఇంజెక్షన్లూ సెలైన్లూ మీకు స్కూల్లో నేర్పుతారు గాని ఇది నేర్పరు. డాక్టరు వచ్చి, నాడి చూసి, కళ్ళు విప్పి చూసి, తన నోటితో చెప్పేదాకా దుప్పటి మెడ దగ్గరే ఉండాలి. పక్కన ఏడ్చేవాళ్ళు ఎంత ఏడ్చినా సరే, దుప్పటి మెడ దగ్గరే.

నేను ఉద్యోగమంతా కాలిన గాయాల వార్డులోనే చేశాను. ఇది ఉక్కు ఊరు. జంషెడ్‌పూర్‌లో ఆ వార్డుకి ఏనాడూ పని లేకుండా పోలేదు. నేను చేరిన కొత్తలో ఒక ఆయా తొందరపడి ఒక మనిషి ముఖం మీదికి దుప్పటి లాగేసింది. అప్పుడే మా డాక్టరు వచ్చాడు. దుప్పటి కింద సన్నగా దగ్గు వినిపించింది. ఆయన ఆయాని ఒక్క మాట అనలేదు. స్టూలు తెచ్చి ఆ మంచం పక్కన వేసి, సాయంత్రం దాకా ఇక్కడే కూర్చో, ఇతనితో మాట్లాడుతూ ఉండు అన్నాడు. సాయంత్రానికి ఆ మనిషి పోయాడు. పోతే పోయాడు, సాయంత్రం దాకా బతికాడు కదా! ఆ పూట పెళ్ళాం వచ్చి చూసుకుంది, తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆ కాస్త పూట ఎవరబ్బ సొమ్మని మనం లాక్కోవడానికి?

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా ఉద్యోగంలో నాకు బాగా గుర్తుండిపోయిన కేసు నేను రిటైరయ్యాక వచ్చింది. వార్డులో కాదు, మా తెలుగు సంఘం హాల్లో. అక్కడ ఏకంగా ఊరందరూ కలిసి, బతికున్న మనిషి మీద దుప్పటి కప్పారు. అదీ మంచి మనసుతో. దుర్మార్గులతో ఎలాగో వేగొచ్చు గాని, మంచివాళ్ళు తొందరపడితే ఆపడం బ్రహ్మతరం కాదు.

మేం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళం. ఇళ్ళు ఎక్కువ భాలుబాసాలో. సంఘం హాలు సిద్ధగోరాలో. మావాళ్ళలో చాలామంది ఎత్తుల మీద ఇనుప గొట్టాలు కట్టి, వాటి మీద నిలబడి పని చేసేవాళ్ళు. ఆ పనికి మావాళ్ళు పెట్టింది పేరు. అందుకే ఏజెంట్లు గుంపులు గుంపులుగా విదేశాలకి పట్టుకుపోతుంటారు. అలా పోయిన ఒక దేశంలో యుద్ధం వచ్చింది. దేశం పేరు చెప్పను. ఈ రోజుల్లో యుద్ధాలకి దేశాల కరువా?

వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే కట్టుబట్టలతో తిరిగొచ్చారు. సంఘం వాళ్ళు చేసిన మంచి చెప్పకపోతే నా కళ్ళు పోతాయి. బియ్యం ఇచ్చారు, పిల్లల చదువు ఆగకుండా చూశారు, కాంట్రాక్టర్ల ఇళ్ళ చుట్టూ తిరిగి పనులు ఇప్పించారు. పెద్ద చప్పుడైతే మంచం కింద దూరేవాళ్ళనీ, నిద్ర పట్టనివాళ్ళనీ, గాయాలున్నవాళ్ళనీ చూసుకోమని నన్ను పిలిచారు. హాలు పక్క గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాను. జీతం లేని ఉద్యోగం, పై అధికారులు మాత్రం బోలెడుమంది.

అందరూ వచ్చాక ఒకడు మిగిలిపోయాడు. భాలుబాసా కుర్రాడే, ముప్పై దాటి ఉంటాయి. ఇంట్లో తల్లి, పెళ్ళాం. అతను పడుకునే రేకు గది మీద బాంబు పడిందని తోటివాళ్ళు చెప్పారు. ఏజెంటు ఇక ఆశ వదులుకోమన్నాడు. అంతే, మా కమిటీ కూర్చుంది.

మా అధ్యక్షుడు ఒకప్పటి కాంట్రాక్టరు. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి. చేతికి ఎముక లేని మనిషని ఊళ్ళో పేరు. ఆయనే మొదలెట్టాడు.

"ఎన్నాళ్ళని సూత్తాం సిస్టరమ్మా? ఆ పిల్లకి ఏదో దారి సూపించాల గదా. దినం సేసీసి, కుట్టు మిషనొకటి ఇచ్చీసి, మా స్కూల్లో ఆయా పని ఇప్పించీస్తే ఒక ఒడ్డున పడతాది."

"బాంబు పడింది గది మీద. మనిసిని సూసినోళ్ళు ఉన్నారా?" అన్నాను.

"పేనాలు అరసేతిలో ఎట్టుకుని పారొచ్చినోళ్ళు ఆగి సూత్తారేటండి?"

"మరి సూడకుండా ఎలా సెప్పగలం?"

అసలు సంగతి అదే. సంఘం దగ్గర రెండు రకాల సాయాలున్నాయి. తిరిగొచ్చినవాళ్ళకి ఒకటి, పోయినవాళ్ళ కుటుంబాలకి ఇంకొకటి. ఎటూ తేలనివాళ్ళకి ఏమిస్తారు? ఏమీ లేదు. ఇక్కడో కాలు అక్కడో కాలు పెట్టుకుని వేలాడేవాళ్ళ గురించి ఎవరూ ఆలోచించలేదు. దాతలు వస్తున్నారు, సభ ఉంది, బ్యానరు కొట్టించాలి. సాయం చెయ్యాలంటే ఆ పిల్ల ముందు విధవ కావాలి. ఇంత దిక్కుమాలిన దయ నేనెక్కడా చూడలేదు.

ఇక ఆ తల్లి బాధ వేరు. హాల్లో ఒక మూల కూర్చుని చీర కొంగు నలుపుకుంటూ అంది:

"నా కొడుకు ఆకలితో ఉంటాడమ్మా. పిండం ఎట్టకపోతే ఆడికెవులెడతారు? ఆ పరాయి దేశంలో, ఆ ఇసకలో, ఆడికి ఎవులెడతారు సెప్పండి?"

కోడలు మాత్రం తలెత్తి, "నాను సూళ్ళేదు. సూడకుండా నా మెడలోయి ఎలా తీసీమంతారు?" అంది. చిన్నపిల్ల, దుఃఖంలో ఏదో అంటోంది అన్నట్టు పెద్దవాళ్ళు తలలూపారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్ను కూడా దెప్పారు. నేను అరిచాను. అరవడం నాకు బాగా వచ్చు. నా అరుపు వాళ్ళకి కొత్త కాదు కాబట్టి టీ తాగి, తీర్మానం చేసి, లేచి వెళ్ళిపోయారు.

శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. సువర్ణరేఖ ఒడ్డున ఆ బొమ్మని పడుకోబెట్టారు. పంతులు గారు దాని మీద తెల్లగుడ్డ కప్పించారు. కాళ్ళ నుంచి మొదలుపెట్టి తల దాకా లాగారు. అక్కడ ముఖం లేదని నాకు తెలుసు, గడ్డి ఉందని తెలుసు. అయినా ఒళ్ళు మండిపోయింది. ఏ డాక్టరు చెప్పాడు వీళ్ళకి?

పదకొండో రోజున ఆ పిల్ల బొట్టు తుడిచారు, గాజులు చిదిపారు, పుస్తెలు తీసి అత్తగారి చేతిలో పెట్టారు. ఆ వెనకే సభ. లేత రంగు చీర కట్టుకు రమ్మని కబురు పెట్టారు ఆ పిల్లకి. ముదురు రంగు కడితే విధవలా కనిపించదట! గోడ మీద అతని ఫొటో, ఫొటోకి ప్లాస్టిక్ దండ, పైన ఎర్ర బల్బు. కుట్టు మిషను మీద ఆమె ఒక చెయ్యి, దాత గారిది ఒక చెయ్యి. కెమెరా కోసం మళ్ళీ ఒకసారి ఇటు చూడమన్నారు. ఆ ఫొటో పేపర్లో పడింది. అందులో దాత గారి ముఖం బ్రహ్మాండంగా వచ్చింది.

ఆ తర్వాత ఎన్నాళ్ళకో, ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నా గదిలోకి పరిగెత్తుకొచ్చింది. ఏడుస్తోంది. చేతిలో ఫోను. అవతల ఎవరో ఉన్నారు. తెచ్చి నా చెవికి ఆనించింది.

"హలో, ఎవరు?" అన్నాను.

"నానండి." అలిసిపోయిన గొంతు. తన ఇంటి గుర్తు చెప్పాడు, ఎవరి కొడుకో చెప్పాడు. "మా ఆవిడ ఫోను ఎత్తి ఏడుత్తంది గాని ఏటీ సెప్పదు. మా యమ్మకి గాని ఏటైనా అయిపోనాదేటండి?"

వినండి పిల్లలూ. చచ్చిపోయాడని మేం దహనం చేసిన మనిషి, ఇంట్లో ఎవరైనా పోయారేమో అని భయపడుతున్నాడు. అమ్మ బాగుంది నాయనా, నువ్వెలా ఉన్నావు అన్నాను. రెండు చేతులూ కాలాయట. ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే, ఎవరో ముక్కూ ముఖం తెలియనివాళ్ళు బండిలో వేసుకుని సరిహద్దు దాటించి పక్క దేశం ఆసుపత్రిలో పడేశారట. ఫోను లేదు, కాగితం లేదు. చాలా రోజులకి ఎవరో మన దేశం నర్సు కనిపిస్తే కదిలింది వ్యవహారం. ఇప్పుడు ఢిల్లీ దాకా విమానం, అక్కణ్ణుంచి రైలు. దినం సంగతి నేను చెప్పలేదు. ఫోన్లో చెప్పే మాటా అది?

ఫోను పెట్టాక ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి, "నాను సెప్పలేదా సిస్టరమ్మా, నాను సెప్పలేదా?" అని అదే మాట అంటూ ఏడ్చింది. చెప్పావు తల్లీ, నువ్వొక్కదానివే చెప్పావు అన్నాను.

సాయంత్రం కమిటీ కూర్చుంది. అబద్ధం ఎందుకు, మా అధ్యక్షుడు కబురు విని బావురుమన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకుని, "అమ్మోరు దయ" అన్నాడు. ఆ ఒక్క నిమిషం నాకు ఆయన మీద కోపం పోయింది. పోయిన కోపాన్ని మా కార్యదర్శి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు.

"మరి మిషను సంగతేటండి?" అన్నాడు.

"ఏం మిషను?"

"అది భర్త పోయినోళ్ళకిచ్చింది గదండి. ఈవిడికి ఇప్పుడు..."

ఓరి నాయనో! మొగుడు బతికొచ్చినందుకు జరిమానా కట్టమంటున్నాడు ఈ పెద్దమనిషి. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు, అదేదో తన జేబులోది ఇచ్చినట్టు! "మిషను కావాలంటే ఆడికి మళ్ళీ నిప్పెట్టి రా, అప్పుడు లెక్క సరిపోతాది" అన్నాను. అతను లెక్కల పుస్తకం మూశాడు. కాని పంతులు గారు గొంతు సవరించుకున్నారు.

కర్మ జరిగిన మనిషి తిన్నగా గుమ్మం దాటి ఇంట్లోకి రాకూడదట. మళ్ళీ పుట్టినట్టు లెక్క. పురిటి స్నానం చేయించాలి, బారసాల చేసి పేరు పెట్టాలి, ఆ పైన అదే పెళ్ళాంతో మళ్ళీ పెళ్ళి జరగాలి. పెళ్ళికి ముహూర్తం కావాలి. ఇప్పుడు శూన్యమాసం, ముహూర్తాలు లేవు. అందాకా అతను హాల్లో పడుకోవాలి. యుద్ధం నుంచి కాలిన చేతులతో వచ్చేవాడికి, బియ్యం బస్తాల పక్కన చాప!

"ఇంకోటండి," అన్నాడు అధ్యక్షుడు నా వైపు చూడకుండా. "ఆ పిల్లని స్టేషనుకి తేకండి. బొట్టు తీసీసిన మనిసి, ఎదురు రాకూడదు."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు.

"ఆ పిల్ల ఎవరి విధవండీ?"

"ఆడిదే."

"ఆడు వత్తన్నాడు గదా?"

"వత్తన్నాడండి. కాని కార్యం జరిగిపోనాది గదా."

"ఆడికి ఆడి పెళ్ళాం ఎదురొత్తే ఆడికి కీడా?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది సిస్టరమ్మా. నెమ్మదిగా మాటాడండి."

"నా నోరు మంచిది కాదు బాబూ, ఒప్పుకున్నాను. మీ ఊరు మాత్రం ఏం మంచిగా ఏడ్చిందని?" అని లేచి వచ్చేశాను.

రైలు వచ్చే రోజు పొద్దున్నే భాలుబాసా వెళ్ళాను. ఆ పిల్ల తల దువ్వుకుని గుమ్మంలో కూర్చునుంది. లోపల అత్తగారు దేవుడి పటాల ముందు ముడుచుకుని ఉంది. కొడుకు బతికున్నాడని విన్న రోజు ఎగిరి గంతేసిందట. పంతులు గారి మాట విన్న రోజు నుంచి అన్నం ముట్టలేదు. ఇంటికి వచ్చేది కొడుకో, కొడుకు రూపంలో ఇంకోటో ఆమెకి తేలలేదు.

"నన్ను రావద్దన్నారు," అంది కోడలు.

"నువ్వేమంటావు?"

"నాకు గాజులు కావాల."

అంతే అంది. లేచి చెప్పులు వేసుకుంది. ఇద్దరం ఆటో ఎక్కి సాక్చీ బజారుకి వెళ్ళాం. అప్పుడే దుకాణాలు తీస్తున్నారు. గాజులావిడ మమ్మల్ని చూసి, "కిస్‌కీ షాదీ హై దీదీ?" అంది, ఎవరి పెళ్ళమ్మా అని. "మేరే ఆద్మీ ఆ రహే హైఁ," అంది ఈ పిల్ల. మా ఆయన వస్తున్నాడు. ఆ మాట హిందీలో అంత గట్టిగా అనగలిగింది, తెలుగులో ఎవరూ అననివ్వలేదు కాబట్టి. ఎప్పుడూ వేసుకునే సైజు చేతి మీంచి జారిపోయింది. ఎంత చిక్కిపోయిందో అప్పుడు చూశాను. చిన్న సైజు ఎర్ర గాజులు రెండు చేతుల నిండా వేసుకుంది. బొట్టు బిళ్ళల అట్ట కొని, ఆ దుకాణం అద్దంలోనే చూసుకుని పెట్టుకుంది.

స్టేషన్లో మా వాళ్ళందరూ ఉన్నారు. బ్యానరు, బంతిపూల దండ, ఫొటోగ్రాఫరు. ఈ పిల్లని చూసి అధ్యక్షుడి ముఖం మాడిపోయింది.

"అమ్మా, ఒక్క నిమిషం ఆ పక్కకుండమ్మా. రైలు దిగీసాక..."

"నానెక్కడికీ ఎల్లను," అంది ఆమె. ఆమె ఎడమ పక్క నేను నిలబడ్డాను. కుడి పక్క సామాన్ల బండి ఉంది. ఆ ధైర్యంతో ఇద్దరం కదలలేదు.

రైలు ఆలస్యంగా వచ్చింది. అతను దిగాడు. గడ్డం పెరిగి, మనిషి సగమై, రెండు చేతులకీ మణికట్టు దాటి కట్లు. ఆ కట్లు మాసిపోయి ఉన్నాయి. నా కళ్ళు ముందు వాటి మీదికే పోయాయి, అలవాటు ఎక్కడికి పోతుంది! అధ్యక్షుడు దండ వేశాడు. ఫొటోగ్రాఫరు చెయ్యెత్తమన్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఎత్తించి ఫొటో తీసుకున్నాడు, ఆ కట్టు కింద ఏముందో ఆలోచించకుండా.

అతని చూపు పెళ్ళాం మీద పడింది. నవ్వాడు. గాజులు చూశాడు, బొట్టు చూశాడు. అంతలో మెడ చూశాడు.

"మెడలోయి ఏయే?"

"తీసీసినారు."

"ఎందుకు? అమ్మీసావేటి, ఇంట్లో ఇబ్బందయ్యిందా?"

"నువ్వు సచ్చిపోనావని తీసీసినారు. దినం కూడా సేసీసినారు."

అతను ఆమె వైపు చూశాడు, మెడలో దండ వైపు చూసుకున్నాడు, బ్యానరు చదివాడు. అప్పుడు అధ్యక్షుడి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, తప్పు తనదేమో అన్నట్టు అడిగాడు.

"నన్ను ఎవులు సూసినారు బావూ?"

పంతులు గారు పంచె కుచ్చిళ్ళు సర్దుకున్నారు. నేనన్ని మీటింగుల్లో గొంతు చించుకుని అడిగింది ఆ మాటే. నేనడిగితే టీ తాగారు. అతనడిగితే తలలు వంచారు.

అయినా బుద్ధి వచ్చిందా? హాలుకి వెళ్ళడానికి బయట కారు సిద్ధంగా ఉంది. ముహూర్తం సంగతి నెమ్మదిగా చెవిలో వేశారు. తమాషా ఏమిటంటే అతనే ఒప్పేసుకున్నాడు. అతనూ మా జాతివాడే కదా! "అమ్మకి నావల్ల కీడు గాని అవుద్దేమో. హాల్లోనే పడుకుంతాను. ఇన్నాళ్ళు ఆగినాను, ఇంకొన్నాళ్ళు" అన్నాడు. నా కోపం అంతా అప్పుడు అతని మీదికి తిరిగింది.

"ఒరే, బాంబుకి సావని నాకొడుకువి, చాప మీద సచ్చిపోతావురా!" అన్నాను. "ఆ కట్లు ఎన్నాళ్ళయింది మార్చి? చీము పడితే చేతులు పోతాయి. పద ఇంటికి."

"నువ్వు హాలుకెల్తే నానూ అక్కడికే వత్తాను. ఆ బస్తాల మీదే పడుకుంతాను. సూద్దాం ఎవులొద్దంతారో," అంది పెళ్ళాం. కారు అక్కడే ఉండిపోయింది. ముగ్గురం ఆటో ఎక్కాం. వెనక మా సంఘం యావత్తూ బ్యానరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చింది.

భాలుబాసా సందులో ఇళ్ళవాళ్ళందరూ బయటే ఉన్నారు. తల్లి గుమ్మం లోపల నిలబడింది. కొడుకుని చూసి ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కన్నకొడుక్కి!

"నీకు దండం ఎడతాను బాబూ, అక్కడే ఉండు. గడప దాటకు. నీకేటి కావాలన్నా అక్కడికే తెచ్చి ఎడతాను."

నా సర్వీసులో ఘోరాలు చూశాను. కొలిమి దగ్గర కాలినవాళ్ళని చూశాను, కిరసనాయిలు పోసుకున్నవాళ్ళని చూశాను. తల్లి కొడుకుని చూసి దయ్యానికి పెట్టినట్టు దండం పెట్టడం మాత్రం చూడలేదు. అతను అలాగే నిలబడి తల దించుకున్నాడు. ఆ ఒక్క గడప దాటకపోతే అతను ఇక ఏ గడపా దాటడు, నాకా సంగతి తెలుస్తూనే ఉంది.

వాదనకి దిగితే పంతులు గారు వెనకే ఉన్నారు. నేను వాదించలేదు. నాకు తెలిసిన పని మొదలెట్టాను. "కూర్చోరా," అని అతన్ని గుమ్మం బయట మెట్టు మీద కూర్చోబెట్టాను. పక్కింటావిడని కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు వేసి తెమ్మన్నాను. నా సంచిలో గాజుగుడ్డ, కత్తెర ఎప్పుడూ ఉంటాయి. చేతులు కడుక్కుని కట్టు విప్పడం మొదలుపెట్టాను. పై మడతలు సులువుగానే వచ్చాయి. లోపలిది పుండుకి అంటుకుపోయి ఉంది. ఎన్ని నీళ్ళు పోసినా ఒక మూల వదల్లేదు. పళ్ళు బిగించుకోమని చెప్పి, మెల్లగా లాగాను.

"అమ్మా!" అని అరిచాడు.

లోపలి నుంచి తల్లి ఒక్క దూకు దూకింది. గడప దాటింది, నా చెయ్యి తోసేసింది.

"మెల్లగమ్మా సిస్టరమ్మా! మనిసివా రాచ్చసివా? ఆడికి నొప్పెడతంది, కనబళ్ళేదా?"

అని, అతని మోచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని ఆ పచ్చి పుండు మీద ఊదడం మొదలుపెట్టింది. ఊదుతూ ఊదుతూ ఏడ్చింది. "ఓలమ్మ, ఎలా కాలిపోనాదిరా నాయినా... ఓలమ్మ, ఎవులున్నార్రా నీకక్కడ..." నా ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. రాక్షసి అన్న ఆ తిట్టు మాత్రం ఇప్పటికీ నాకు సన్మానపత్రం లాంటిది.

కట్టు కట్టడం అయ్యాక తల్లే అతని నడుం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పంతులు గారు ఏదో అనబోతే, "పిండం తిన్నోడికి ఇంత అన్నం ఎట్టుకోనీరేటి బాబూ?" అంది. లోపల అన్నం కలిపి ముద్దలు చేసి తినిపించింది. తర్వాత పెట్టె తెరిచి పుస్తెలు తీసింది. కొడుకు ఆ చేతులతో ముడి వెయ్యలేడు. అత్తగారే కోడలి మెడలో వేసి ముడి వేసింది. శూన్యమాసమని ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాత సంగతులు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మిషను ఆ ఇంట్లోనే ఉంది. వచ్చి తీసుకెళ్ళడానికి మా కార్యదర్శికి కాళ్ళు రాలేదు. దాత గారికి మాత్రం ఇదంతా చిన్నతనంగా తోచిందట, మరుసటి సభకి రాలేదు. రాకపోతే పీడా పోయింది. హాల్లో ఫొటో తీసేశారు గాని మేకూ ఎర్ర బల్బూ అలాగే ఉన్నాయి. ఎందుకు ఉంచారని అడిగితే, మళ్ళీ పనికొస్తాయి కదా అన్నారు. మా వాళ్ళ ముందుచూపు అలాంటిది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని సామెత. కాలిన ఆ చేతులతో అతను గొట్టాలూ పట్టుకోలేకపోయాడు. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. అవి సరిగా ఉన్నా పాత ముఠావాళ్ళు రానిచ్చేవారు కాదు. చచ్చి వచ్చినవాడు పైన నిలబడితే కింద ఉన్నవాళ్ళకి భయమట. యుద్ధం చేసినవాడికి లేని సిగ్గు, యుద్ధంలో చిక్కుకున్నవాడికి ఎందుకు అంటగడతారో నాకు అర్థం కాదు. ఇప్పుడు అతను సంఘం గదిలో నా బల్ల ఎదురుగా కూర్చుంటాడు. పరాయి దేశాల్లో చిక్కుకున్నవాళ్ళ కోసం హిందీలో, వచ్చీ రాని అరబ్బీలో, ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. ఏ ఆసుపత్రిని అడగాలో, ఏ సరిహద్దు దగ్గర ఎవరిని పట్టుకోవాలో మా అందరికంటే అతనికే తెలుసు. ఎటూ తేలనివాళ్ళ ఇళ్ళకి కూడా ఇప్పుడు బియ్యం వెళ్తున్నాయి. దాని కోసం నేను మళ్ళీ అరవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

ఈ మధ్య ఇంకో యుద్ధం వచ్చింది. ఇంకొకడు కనబడకుండా పోయాడు, సిద్ధగోరావాడు. వాడి పెళ్ళాం హాల్లో అదే మూల, అదే చాప మీద కూర్చుంది. కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "ఎన్నాళ్ళని సూత్తాం..." అని మొదలుపెట్టాడు. నేను అరవడానికి నోరు తెరిచాను.

నా అవసరం లేకపోయింది. వెనక బెంచీ నుంచి అతను లేచి నిలబడ్డాడు. పూర్తిగా ముడవని వేళ్ళతో చెయ్యి పైకెత్తి, అందరికీ కనిపించేలా అలాగే ఉంచాడు.

అధ్యక్షుడు ఆ చెయ్యి చూశాడు. మాట మింగేసి, "ఆ ఆసుపత్రి నంబరుకి ఇంకోసారి కొట్టి సూడు బాబూ," అన్నాడు.